చూపు గెంతులు: తిరుమల నుండి కాళహస్తి దాకా

తిరుమల గర్భాలయం ఎదుట సామాన్య భక్తునికి లభించే వ్యవధి కొన్ని క్షణాలు మాత్రమే. గంటల తరబడి కంపార్ట్‌మెంట్లలో నిరీక్షించి, బంగారు వాకిలి వద్దకు చేరగానే "జరగండి, జరగండి" అన్న కేకల నడుమ తల ఎత్తి చూస్తాడు. వెలుపలికి వచ్చాక "కిరీటమే గుర్తుంది, ముఖం సరిగా చూడలేదు" అని వాపోవడం తిరుపతివాసులకు చిరపరిచితమైన మాట. ఇది భక్తిలోపమూ కాదు, పుణ్యలోపమూ కాదు. కంటికీ మెదడుకూ మధ్యనున్న ఏర్పాటే అటువంటిది. దానిని మనుషులు కనుగొన్న తీరు ఒక ఆసక్తికరమైన చరిత్ర.

కంటిలో స్పష్టంగా చూడగలిగే భాగం అత్యల్పం. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలు ఎంత వెడల్పు కనబడుతుందో, సుమారుగా అంతమేరే మనకు తేటగా గోచరిస్తుంది. తక్కినదంతా మసక. అందువల్ల కన్ను సెకనుకు మూడేసి సార్లు ఒకచోటి నుండి మరొకచోటికి గెంతుతూనే ఉంటుంది. రెండు సెకన్ల దర్శనంలో చూపుకు దక్కేవి ఆరేడు మజిలీలు. కిరీటం, శంఖచక్రాలు, నామం, వరదహస్తం, పాదాలు... లెక్క అక్కడికే సరిపోయింది!

మనిషి ఇన్ని వేల ఏళ్లు చదివాడు, చూశాడు, కాని తన కన్ను జారదనీ, గెంతుతుందనీ చాలాకాలం గమనించలేదు. 1879లో ఎవాల్డ్ హెరింగ్ కనురెప్పలపై సన్నని రబ్బరు గొట్టాలు ఆనించి, కంటి కండరాల చప్పుడు విని ఈ గెంతులను పట్టుకున్నాడు. అదే కాలంలో పారిస్‌లో ఎమిల్ జావల్ అనే నేత్రవైద్యుడు చదువరి కన్ను పంక్తి వెంబడి కుదుపులతో సాగుతుందని చెప్పాడు. ఫ్రెంచిలో కుదుపు అనే అర్థమున్న 'సకాడ్' అన్న మాటే శాస్త్రానికి స్థిరపడింది. (ఆ జావల్‌కే తదనంతర కాలంలో నీటికాసుల వ్యాధితో చూపు పూర్తిగా పోయింది.) 1900లో రేమండ్ డాడ్జ్ మరో వింత చెప్పాడు: అద్దంలో మన కళ్లు కదలడం మనకు కనబడదు. గెంతు నడుమ చూపు దాదాపు మూసుకుపోతుంది. కావలసిన వారు ఇప్పుడే అద్దం ముందు నిలిచి పరీక్షించుకోవచ్చు.

అయితే గెంతు ఎటు అన్నది నిర్ణయించేది ఎవరు? 1870ల దశకంలో డేవిడ్ ఫెరియర్ కోతి మెదడు ముందుభాగంలో ఒకచోట విద్యుత్తుతో ప్రేరేపిస్తే కళ్లు పక్కకు తిరగడం చూశాడు. 1972లో రాబర్ట్ వుర్ట్జ్, మైకేల్ గోల్డ్‌బర్గ్ నడిమెదడులోని సుపీరియర్ కాలిక్యులస్ కణాలు కన్ను కదిలే ముందే చైతన్యవంతమవుతాయని నిరూపించారు. అక్కడ చూపుదిక్కుల పటం ఒకటి పరచుకొని ఉంటుంది. పటంలో ఏ చోటు మేల్కొంటే కన్ను ఆ దిక్కుకు దూకుతుంది. 1996లో హేన్స్, షాల్ అనే ఇద్దరు, ముందుమెదడు కణాల ఉత్తేజం క్రమంగా పెరిగి ఒక గట్టును తాకినప్పుడే గెంతు మొదలవుతుందని కోతులలో చూపారు. గట్టు స్థిరం, పెరిగే వేగమే మారుతుంది. ఆలోగా "ఆగు" అన్న సంకేతం అందితే గెంతు ఆగిపోతుంది. గట్టు దాటాక ఎవరి మాటా చెల్లదు. మన తిరుపతికి దూరం కాని బెంగళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థలో ఆదిత్య మూర్తి బృందం ఈ నిర్ణయాలనూ నిగ్రహాలనూ పరిశోధిస్తూ వచ్చింది.

మామూలు గెంతుకు మెదడు తీసుకునే వ్యవధి సెకనులో అయిదోవంతు. ఈలోగా పక్కన దీపం రెపరెపలాడినా, ఎవరో భుజం తట్టినా, ఆ పోటీ పటంలో మరో చోటు గెలవవచ్చు. కేకల నడుమ ముఖం తప్పిపోవడానికి ఇదే కారణమని నా ఊహ. అయితే ఉద్దేశమూ బలమైనదే. రష్యన్ శాస్త్రజ్ఞుడు యార్బస్ ఒకే చిత్రం చూపి వేర్వేరు ప్రశ్నలు అడిగితే ఒకే మనిషి కళ్లు వేర్వేరు దారులు పట్టాయి. ముఖం కనబడితే మాత్రం చూపు పదే పదే కళ్ల వైపే మళ్లింది. స్వామి నేత్రాలను చాలామటుకు కప్పే నామాన్ని గురువారం నాడు సన్నగా దిద్ది, ఆనాటి దర్శనాన్ని నేత్రదర్శనం అనడంలోని ఆకర్షణ ఇక్కడ కొంత తెలుస్తుంది. దేవతలను పాదాల నుండి కేశాల దాకా వర్ణించాలన్న మన ఆలంకారికుల నియమం కూడా నా దృష్టిలో చూపుకు ముందే దారి వేసి ఉంచడమే. ఆ క్రమం మనసులో పెట్టుకొని వెళ్లిన వారికి ఆరు మజిలీలు వృథా కావు.

తిరుపతికి కూతవేటు దూరాన శ్రీకాళహస్తి. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పిన తిన్నని కథ అందరికీ తెలిసినదే. శివలింగం కంట నెత్తురు కారగా ఒక కన్ను పెకలించి అమర్చాడు. రెండో కంటా నెత్తురు కారింది. తన రెండో కన్నూ పోతే చోటు కనబడదు గనుక పాదాన్ని అక్కడ గుర్తుగా మోపాడు. భక్తులు ఇందులో పారవశ్యాన్ని చూస్తారు, అది న్యాయమే. నాకు దానితోపాటు ఆ వేటగాని లెక్క కూడా కనబడుతుంది. 1983లో హికోసకా, వుర్ట్జ్ కనబడని, కేవలం జ్ఞాపకమున్న చోటికి కూడా కోతి కన్ను దూకుతుందనీ, అందుకు మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా తన పట్టు సడలిస్తుందనీ చూపారు. కాని ఆ జ్ఞాపకాన్ని అనుసరించి దూకడానికి తిన్ననికి కన్నే మిగలదు. కంటి పటం చెరిగిపోయే ముందు ఆ చోటును ఒంటి పటంలోకి, అరికాలి స్పర్శలోకి మార్చుకున్నాడు. పాదం ఎక్కడుందో తెలుసుకోవడానికి చూపుతో పని లేదు.