ఉపగ్రహాలకు లేజర్ కొలత: ఎవరికి ఏ డేటా కావాలి?

ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లేజర్ కాంతితో కొలిచే పద్ధతిని శాటిలైట్ లేజర్ రేంజింగ్ అంటారు. నేల మీది కేంద్రం నుంచి కాంతి మెరుపును పంపుతారు. ఉపగ్రహానికి అమర్చిన ప్రత్యేకమైన అద్దాలు దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఈ ప్రయోగం 1964 అక్టోబరు 31న అమెరికాలోని గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో మొదటిసారి ఫలించింది. ఒక మిల్లీమీటరు తేడాను పట్టుకోవాలంటే, సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి అందులో దాదాపు ఏడు భాగాలంత సమయాన్ని గుర్తించాలి.

వాడేవారిని ఎందుకు అడగాలి?

అంతర్జాతీయ లేజర్ రేంజింగ్ సేవ 1998లో ఏర్పడింది. ప్రపంచం మొత్తం మీద ఇందులో ఉన్న కేంద్రాలు దాదాపు నలభై. ఒక కేంద్రం ఒక క్షణంలో ఒక ఉపగ్రహాన్నే కొలవగలదు. మబ్బు పడితే పని ఆగిపోతుంది. కొలవాల్సిన ఉపగ్రహాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అందుకే దేనికి ముందు సమయం ఇవ్వాలో ఒక వరుస ఉంటుంది. కొత్త ఉపగ్రహాన్ని కొలవమని కోరేవారు లేజర్ డేటా ఎందుకు అవసరమో, ఎంత కచ్చితత్వం కావాలో రాసి ఇవ్వాలి.

ఎవరి అవసరం ఏమిటి?

భూమిని కొలిచేవారు: భూమి ద్రవ్యరాశి కేంద్రం ఎక్కడుందో తేల్చడానికి ప్రధాన ఆధారం ఈ కొలతలే. ఇందుకు 1976లో పంపిన లాజియోస్ గోళం నేటికీ పనిచేస్తోంది. 60 సెంటీమీటర్ల ఆ గోళం మీద 426 అద్దాలు ఉన్నాయి. వీరికి తొందర లేదు. కానీ కొలతలు దశాబ్దాల తరబడి తెగకుండా రావాలి, కేంద్రాలు భూమి నలుమూలలా ఉండాలి.

సముద్ర మట్టం చూసేవారు: భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని మీదా లేజర్ అద్దాలు ఉన్నాయి. సముద్రం ఏటా పెరిగేది మూడు, నాలుగు మిల్లీమీటర్లే. కొలిచే ప్రమాణమే జారితే, ఆ పెరుగుదల సముద్రానిదా, లెక్కదా అన్నది తెలియదు. అందుకే కేంద్రాల స్థానాలు ఒక మిల్లీమీటరు కచ్చితత్వంతో తెలియాలని, ఏడాదికి 0.1 మిల్లీమీటరుకు మించి తేడా రాకూడదని శాస్త్రవేత్తలు లక్ష్యం పెట్టుకున్నారు. యానాంలోనో, గంజాం తీరంలోనో ఉండేవారికి ఇది దూరపు విషయం కాదు.

దారి చూపే ఉపగ్రహాలవారు: శ్రీహరికోట నుంచి ప్రయోగించి, కర్ణాటకలోని హాసన్ నుంచి నియంత్రించే నావిక్ ఉపగ్రహాలకూ అద్దాలు అమర్చారు. రేడియోతో లెక్కగట్టిన కక్ష్య సరిగ్గా ఉందో లేదో లేజర్‌తో సరిచూస్తారు. వీరికి కొలతలు కొద్దిగా ఉన్నా చాలు, కానీ అవి కక్ష్యలోని వేర్వేరు చోట్ల తీసినవై ఉండాలి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి తిరిగొచ్చే కాంతి చాలా బలహీనం కాబట్టి అన్ని కేంద్రాలూ ఈ పని చేయలేవు.

ఏమని అడగాలి?

“ఎంత కచ్చితత్వం కావాలి?” అని అడిగితే ఎవరైనా “ఎంత వీలైతే అంత” అనే అంటారు. అలాంటి జవాబుతో వరుస తేలదు. ఏ ఉపగ్రహం, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గంటల్లో డేటా చేరాలి, రెండు నిమిషాల సగటు చాలా లేక ప్రతి మెరుపు కొలతా కావాలా, ఇది అందకపోతే మీ పని ఎక్కడ ఆగుతుంది అని అడగాలి. చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. 1993, 1994లలో పంపిన రెండు జీపీఎస్ ఉపగ్రహాలకు అద్దాలు పెట్టారు. తర్వాత చాలా ఏళ్ల పాటు పంపినవాటికి పెట్టలేదు. భూమిని కొలిచే శాస్త్రవేత్తలు తమ అవసరాన్ని పదే పదే వివరించాక, రాబోయే జీపీఎస్ త్రీఎఫ్ తరానికి అమర్చాలని నిర్ణయించారు.

ఈ జాప్యంలో పోయినది తిరిగి రాదు. నిన్న కొలవని దూరాన్ని రేపు కొలవలేం.