గ్రంథప్రామాణ్యము: ఒక వంగదేశ వివాదము

పవిత్రగ్రంథము ప్రమాణమని అంగీకరించినంత మాత్రమున వివాదము ముగియదు. ఆ ప్రామాణ్యము గ్రంథమంతటను సమముగా నెలకొన్నదా, అందలి సారములో నున్నదా, మూలభాషలోని ఒక్కొక్క పదములో నున్నదా అను ప్రశ్నలు అప్పుడే మొదలగును. 1820 మొదలు వంగదేశమున సాగిన ఒక వాదము, క్రైస్తవులలోనే ఈ విషయమున ఎంత అభిప్రాయభేదము కలదో వెల్లడించినది.

ఆ సంవత్సరమున రామమోహన రాయలు నాలుగు సువార్తలనుండి క్రీస్తు నీతిబోధలను ఏర్చి కూర్చి, కలకత్తాలో ఆంగ్లమున ప్రకటించెను. అద్భుతగాథలను, సిద్ధాంతకలహమునకు తావిచ్చు ఘట్టములను చాలవరకు విడిచిపెట్టెను. సీరాంపూరులోని బాప్టిస్టు మిషనరీ జాషువా మార్ష్‌మన్ దీనిని గట్టిగా ఖండించెను. క్రీస్తు దైవత్వమును, ఆయన మరణమువలన కలిగిన పాపపరిహారమును విడిచి నీతిని మాత్రమే గ్రహించుట ఆయనకు సమ్మతము కాలేదు. రాయలు మూడు విజ్ఞప్తులతో బదులు చెప్పెను. క్రైస్తవుడు కాకపోయినను, ఆయన గ్రంథమును త్రోసిపుచ్చలేదు; హీబ్రూ, గ్రీకు మూలములను చూపియే వాదించెను. మూడవ విజ్ఞప్తిని అచ్చువేయుటకు బాప్టిస్టు ముద్రణాలయము నిరాకరింపగా, 1823లో వేరొక ముద్రణాలయమునుండి వెలువరించెను.

ఇంతకుముందే మరియొక చిక్కు పుట్టినది. విలియం ఆడమ్, విలియం యేట్స్ అను ఇరువురు బాప్టిస్టు మిషనరీలు రాయల తోడ్పాటుతో సువార్తలను వంగభాషలోనికి అనువదించుచుండిరి. యోహాను సువార్త ఆరంభమున, సమస్తమును దివ్యవాక్యము మూలమున కలిగినదని చెప్పు చోట, గ్రీకులో ‘దియా’ అను చిన్న పదము కలదు. దానికి ‘చేత’ అని అర్థము చెప్పినచో వాక్యమే, అనగా క్రీస్తే, సృష్టికర్త యగును. ‘ద్వారా’ అన్నచో కర్త వేరొకడు, వాక్యము సాధనమగును. యేట్స్ మొదట రెండవ అర్థమునకు సమ్మతించియు, పిదప వెనుదీసెను. ఆడమ్ వెనుదీయలేదు. 1821లో త్రిత్వసిద్ధాంతమును విడిచి, దేవుడొక్కడే యను యూనిటేరియన్ క్రైస్తవుల పక్షమున చేరెను. తన్ను పంపిన సంఘముతో ఆయనకు సంబంధము తెగిపోయెను. ఆయన పేరుపై శ్లేషించి, పతనమైన రెండవ ఆదామని పూర్వమిత్రులు పరిహసించిరి.

అయినను ఆడమ్ గ్రంథమును విడువలేదు. అక్షరమును విశ్వసించినందుననే ఆయన ఆ అర్థమునకు కట్టుబడెను. మార్ష్‌మన్‌కు గ్రంథసమగ్రత, రాయలకు నీతిసారము, ఆడమ్‌నకు మూలపదము ప్రమాణములైనవి. మువ్వురును తెరచి చూపినది మాత్రము ఒకే గ్రంథము.