సవరణకు కారణం ఎక్కడ? : కమిట్ సందేశాలు, బగ్ సంఖ్యలు, తెలుగు లిపి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరాల వరుస ఐఫోన్లను స్తంభింపజేసింది. జకారం, పొల్లు, ఞకారం, ఆపై కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, చివర దీర్ఘం. ఈ వరుస సందేశంగా అందితే, దాన్ని తెరపై చూపబోయిన అనువర్తనం కూలిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. దానికి సీవీఈ-2018-4124 అనే సంఖ్య దక్కింది. కోర్‌టెక్స్ట్ భాగంలో మెమరీ చెడిపోతున్నదనీ, లోపలికి వచ్చే పాఠాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించడం ద్వారా సరిచేశారనీ భద్రతా ప్రకటన చెప్పింది. అంతకు మించి, ఏ పంక్తి మారిందో బయటి పరిశోధకుడు చూడలేడు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులలో పరిస్థితి వేరు. అక్కడ సోర్స్ కోడ్‌లో జరిగే ప్రతి మార్పూ ఒక కమిట్‌గా నమోదవుతుంది. దానితోపాటు మార్చినవారు రాసిన సందేశం నిలుస్తుంది. దోషం గురించిన ఫిర్యాదు, దానిపై జరిగిన చర్చ ఇష్యూ ట్రాకర్‌లో వేరుగా ఉంటాయి. ఈ రెండింటినీ సాధారణంగా కలిపేది సందేశంలో రాసిన సంఖ్య. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఒక పాఠాన్ని స్వీకరించి, ఏ ప్రతి ఆధారంగా స్వీకరించాడో చెప్పకపోతే తరువాతివారు ఎంత ఇబ్బంది పడతారో తెలుగు పరిశోధకులకు వివరించనక్కరలేదు.

ఈ ముడికి చరిత్ర ఉంది. ఇయాన్ జాక్సన్ 1994లో డెబియన్‌కు బగ్ నమోదు వ్యవస్థను రూపొందించాడు. ఆ ప్రాజెక్టులో ప్యాకేజీ మార్పుల పట్టీలో ‘క్లోజెస్’ అన్న మాట పక్కన బగ్ సంఖ్య రాస్తే, ఆ ప్యాకేజీ చేరగానే ఫిర్యాదు దానంతటదే ముగుస్తుంది. 1998లో మొజిల్లా కోసం టెర్రీ వైస్మన్ బగ్జిల్లాను తయారుచేశాడు. మొజిల్లా కమిట్ సందేశం ‘బగ్’ అనే మాటతో, సంఖ్యతో మొదలవడం ఆచారమైంది. లినక్స్ కెర్నల్‌లోని ‘ఫిక్సెస్’ పంక్తి మాత్రం ఫిర్యాదును కాక, దోషాన్ని తెచ్చిన పాత కమిట్‌నే చూపుతుంది. ఇది నిజానికి మరింత సూక్ష్మమైన పద్ధతి.

2005లో స్లివెర్‌స్కీ, జిమ్మర్‌మన్, జెల్లర్ మొజిల్లా, ఎక్లిప్స్ ప్రాజెక్టుల కమిట్ సందేశాలలోని సంఖ్యలను పట్టుకొని, ఏ మార్పు ఏ దోషానికి దారితీసిందో వెనక్కి వెతికారు. తరువాత ఎందరో ఆ పద్ధతినే అనుసరించారు. అయితే సంఖ్య రాయని కమిట్‌ల సంగతేమిటి? ముడిపడిన దోషాలు మొత్తం దోషాలకు నిష్పాక్షికమైన నమూనా కావని 2009లో బర్డ్ బృందం చూపింది. దొరికిన శాసనాలతోనే రాజ్యపు ఎల్లలు గీసే చరిత్రకారునికి ఎదురయ్యే చిక్కు వంటిదే ఇది.

ట్రాకర్ మారినా ముడి వదులవుతుంది. పైథాన్ ప్రాజెక్టు 2022లో తన ఫిర్యాదులను గిట్‌హబ్‌కు తరలించినప్పుడు వాటికి కొత్త సంఖ్యలు వచ్చాయి. పాత కమిట్‌లలో మాత్రం ‘బీపీఓ’ సంఖ్యలే ఉండిపోయాయి. అందువల్లనే పాత ట్రాకర్‌ను చదవడానికి మాత్రం వీలుగా నిలిపి ఉంచవలసి వచ్చింది.

తెలుగువారికి ఇందులో దగ్గరి విషయం ఫైర్‌ఫాక్స్ అనువాదం. స్వచ్ఛంద అనువాదకులు పాంటూన్ అనే వేదికలో చేసిన మార్పులు కొన్ని కొన్నిగా కలిసి కమిట్‌లుగా చేరతాయి. సందేశంలో ఉండేది తెలుగు స్థానికీకరణను తాజాపరిచినట్టు ఒక పంక్తి, దాని కింద అనువాదకుల పేర్లు. కోడ్ మార్పుకు బగ్ సంఖ్య ఉండగా, మాట మార్పుకు ఏ సంఖ్యా ఉండదు. ఒక ఇంగ్లీషు పదానికి ముందు లిప్యంతరీకరణ పెట్టి, తరువాత సంస్కృత సమాసం పెట్టి, మళ్ళీ వాడుక మాటకు వచ్చారనుకుందాం. ఆ మూడు రూపాలూ ఏ తేదీన మారాయో కమిట్ చరిత్రలో దొరుకుతుంది. ఎందుకు మారాయో ఆ కమిట్ సందేశం చెప్పదు. పారిభాషిక పదాల చరిత్ర రాయదలచినవారు ఆ కారణాన్ని మరోచోట వెతకాలి.