పెద్దల సభ: రద్దుకూ పునరుద్ధరణకూ నడుమ

శాసన మండలికి తెలుగులో ‘పెద్దల సభ’ అన్న వ్యవహారం ఉంది. అనుభవం, విద్వత్తు, నిదానం ఈ మాటలో ధ్వనిస్తాయి. అయితే మండలి ఉనికిని నిర్ణయించింది ఆ పెద్దరికం కాదు, ఉభయ సభల్లో పార్టీల బలాబలాలే అని దాని చరిత్ర తెలుపుతున్నది.

ఆంధ్రప్రదేశ్ విధాన పరిషత్తు 1958లో 90 మంది సభ్యులతో ఏర్పడింది. విశ్వనాథ సత్యనారాయణ అందులో నామనిర్దేశిత సభ్యులుగా ఉన్నారు. 1983లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చేనాటికి పరిషత్తులో ఆధిక్యం కాంగ్రెసుది. ఆ ఏడాదే శాసనసభ రద్దు తీర్మానం చేసింది. 1985లో మరల తీర్మానించగా పార్లమెంటు చట్టం ద్వారా పరిషత్తు రద్దయింది. కాంగ్రెసు ప్రభుత్వ కాలంలో, 2004 నాటి తీర్మానం, 2006 నాటి చట్టం ఫలితంగా 2007లో మండలి పునరుద్ధరణ పొందింది. విభజనానంతరం 2020 జనవరిలో, మూడు రాజధానుల బిల్లును మండలి అడ్డుకున్న కొద్ది రోజులకే ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు తీర్మానం ఆమోదించింది. మండలిలో అధికార పక్షం బలపడిన తరువాత, 2021 నవంబరులో, దానిని ఉపసంహరించుకుంది.

ఈ వాదోపవాదాలన్నీ మండలి ఉండాలా, వద్దా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. అందులో ఎవరు, ఎవరి ఓటుతో కూర్చోవాలన్న ప్రశ్న మరుగున పడింది. తెలంగాణ మండలిలోని 40 స్థానాలలో శాసనసభ్యులు 14, స్థానిక సంస్థల ప్రతినిధులు 14, పట్టభద్రులు 3, ఉపాధ్యాయులు 3 స్థానాలకు ఎన్నుకుంటారు. 6 స్థానాలు గవర్నరు నామనిర్దేశానివి. బోడుప్పల్‌లో నివసించే పట్టభద్రునికి, పట్టా పొంది మూడేళ్లు నిండి పేరు నమోదైతే, మండలికి నేరుగా ఓటు వేసే హక్కు ఉంది. అదే వీధి నుండి నాచారం పారిశ్రామికవాడకు పనికి వెళ్లే, పట్టా లేని కార్మికునికి ఆ హక్కు లేదు. పట్టభద్రులు అరుదైన కాలంలో ఈ భేదానికి ఒక సమర్థన ఉండవచ్చు. నేడు అది పునఃపరిశీలించదగినది.

సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సమాజ సేవల కోసం ఉద్దేశించిన నామనిర్దేశమూ వివాదాలకు అతీతం కాలేదు. మంత్రిమండలి పంపిన రెండు పేర్లను 2023లో తెలంగాణ గవర్నరు తిరస్కరించడం, 2024లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేయడం ఇందుకు నిదర్శనం.

169వ అధికరణం రద్దుకు మార్గం చూపినట్లే, 171వ అధికరణం మండలి కూర్పును సాధారణ చట్టంతో మార్చే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. తెలుగు శాసనసభలు మొదటి మార్గాన్నే పదే పదే ఆశ్రయించాయి. రెండవది వినియోగంలోకి రానంతవరకు ‘పెద్దల సభ’ అన్న మాటకూ, ఆ సభ నిర్మాణానికీ నడుమ అంతరం కొనసాగుతూనే ఉంటుంది.