గోదావరి ఒడ్డు నుంచి విద్యారణ్యపురికి

గోదావరి తీరపు మహదేవపూర్‌లో దసలి పట్టు నేసే ఇంటి పిల్లవాడికి ఎం.ఏ. చదవాలన్న కోరిక పుడితే ఒకప్పుడు హైదరాబాద్ పోవాల్సిందే. 1918లో ఉస్మానియా ఏర్పడ్డాక దశాబ్దాల పాటు ఉత్తర తెలంగాణ ఉన్నత చదువంతా దాని నీడలోనే సాగింది. 1960లలో ఉస్మానియా వరంగల్‌లో పీజీ కేంద్రం తెరిచాక ఆ దూరం కొంత తగ్గింది. 1976 ఆగస్టు 19న ఆ కేంద్రం, విద్యారణ్యపురి క్యాంపస్‌గా, కాకతీయ విశ్వవిద్యాలయమైంది. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. అప్పట్లో మహదేవపూర్ కరీంనగర్ జిల్లాలోది.

టాంజానియాలోని దారెస్సలాం విశ్వవిద్యాలయం కథ దీనికి దగ్గరగా ఉంటుంది. 1961లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలగా మొదలై, కొన్నాళ్లు తూర్పు ఆఫ్రికా విశ్వవిద్యాలయంలో భాగంగా ఉండి, 1970లో అది తన కాళ్ల మీద నిలబడింది. అక్కడ వలస పాలన వదిలిన దేశం, ఇక్కడ రాజధానికి దూరమైన ప్రాంతం. రెండు చోట్లా ఉన్న ఆశ మాత్రం ఒకటే: మన పిల్లల చదువు మన గడ్డ మీదే సాగాలి.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత, ప్రాంతీయ అసమానతలపై వచ్చిన 1973 ఆరు సూత్రాల పథకం తర్వాత వెనకబడిన ప్రాంతాల మాటను పాలకులు పక్కన పెట్టలేకపోయారు. అయినా కాకతీయ పుట్టింది ఎమర్జెన్సీలో, నోరు విప్పితే జైలనే రోజుల్లో. 1977లో ఆ చీకటి తొలగగానే అణచుకున్న మాటంతా క్యాంపస్‌లో పొంగింది. రాడికల్ విద్యార్థి ఉద్యమం హాస్టల్ గదుల్లో వేళ్లూనింది. చదువు మధ్యలో వదిలి నక్సలైట్లుగా అడవిబాట పట్టినవాళ్లు, తిరిగి రానివాళ్లు ఎందరో. వాళ్ల తల్లుల దుఃఖం ఏ వార్షిక నివేదికలోనూ కనిపించదు. కాకతీయ చరిత్రలో మాత్రం దానికి చోటుండాలి.

అదే క్యాంపస్ తెలుగు శాఖలో కేతవరపు రామకోటిశాస్త్రి, పేర్వారం జగన్నాథం పాఠాలు చెప్పారు. 1991 నుంచి 1994 వరకు కొత్తపల్లి జయశంకర్ ఉపకులపతి. తెలంగాణకు జరిగిన అన్యాయాన్ని లెక్కలతో సహా విప్పి చెప్పిన ఆచార్యుడాయన. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం ఎగసినప్పుడు కాకతీయ విద్యార్థులు ముందు వరుసలో నిలిచారు. 2016లో మహదేవపూర్ చేరిన కొత్త జిల్లాకు జయశంకర్ పేరే పెట్టారు.

ఇంత ఇచ్చిన విశ్వవిద్యాలయానికి ప్రభుత్వాలు తిరిగి ఇచ్చింది తక్కువ. 2008లో కరీంనగర్‌కు శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది, మంచిదే. కానీ కొత్త బోర్డులు కట్టినంత సులువుగా అధ్యాపకులు రారు. పదవీ విరమణలు సాగిపోయాయి, ఖాళీలు పేరుకుపోయాయి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల భుజాల మీద శాఖలు నడుస్తున్నాయి. ఇంటి నుంచి మొదటిసారి పీజీ మెట్టెక్కిన అమ్మాయికి పరిశోధనలో చేయి పట్టి నడిపించే గురువు చివరిదాకా అక్కడే ఉండాలి. ఏటా పునరుద్ధరణ ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనిషి ఆ భరోసా ఎలా ఇస్తాడు? ముందు ఆ పోస్టులు నింపాలి.