లూకా వైద్యుని వారసులు



విశాఖపట్టణములో ద్వారకా నగర్ అను పేట కలదు. శ్రీకాకుళము, విజయనగరము, పాడేరు, నర్సీపట్నము మొదలగు తావులనుండి వచ్చు బస్సులు ఆ పేట చెంతనున్న ఆర్టీసీ కాంప్లెక్సులో ఆగును. ఆ బస్సులు దిగువారిలో మన పల్లె సంఘముల బిడ్డలును ఉందురు. వారు వైద్యవిద్యకు వ్రాయవలసిన నీట్ పరీక్షకై అక్కడి కోచింగ్ సెంటర్లలో చేరి, హాస్టళ్లలో నుండి, రాత్రింబగళ్లు చదువుదురు. తల్లి పెట్టి పంపిన బైబిలును, జీవశాస్త్ర పుస్తకమును వారి పెట్టెలో ప్రక్కప్రక్కనే యుండును.

ఈ రెండు పుస్తకములకు పొత్తు కుదురునా అని ఆ బిడ్డలు అడుగుదురు. కొందరు పైకి అడుగుదురు. పెక్కుమంది మనసులోనే దాచుకొందురు. "అయ్యగారూ, స్వస్థపరచువాడు దేవుడని మీరు బోధింతురు. మందు సూక్ష్మజీవిని చంపినందున జ్వరము తగ్గెనని మా మాస్టారు చెప్పుదురు. ఎవరి మాట నమ్మవలెను?" అందురు. ఇంటివద్ద అవ్వకు వేరొక దిగులు. చదువు ముదిరినకొలది మనుమడు మోకాళ్లూనుట మానునేమో అని ఆమె భయము.

ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రెంటిలో ఒకటి కోరుకొమ్మని మనము ఆ బిడ్డను బలవంతపెట్టినయెడల, సంఘము ఒక విశ్వాసినైనను పోగొట్టుకొనును, రోగులు ఒక వైద్యునినైనను పోగొట్టుకొందురు. కాబట్టి వాదములు ప్రక్కనుంచి, మన తెలుగునాట జరిగిన సంగతులను కొన్ని చూతము రండి.

1805వ సంవత్సరమున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు లండన్ మిషనువారు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను దేశీయ క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెనిగింప మొదలుపెట్టిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. పని ముగియకమునుపే ఇద్దరును పోయిరి. అయినను వారి శ్రమ వ్యర్థము కాలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చుపడెను.

ఆ మూడింటిలో కడపటి పేరును గమనించుడి. లూకా ఎవడు? కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు అతనిని ప్రియమైన వైద్యునిగా పేర్కొనెను. అనగా తెలుగువారి చేతికి అచ్చులో తొలుత అందిన సువార్తలలో ఒకటి వైద్యుడు వ్రాసినది! మంచి సమరయుని కథ లూకా సువార్తలో తప్ప మరెక్కడను లేదు. ఆ సమరయుడు దెబ్బతిన్నవానిని చూచి కనికరపడి ఊరకుండలేదు; గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టు కట్టి, తన వాహనముపై ఎక్కించి, పూటకూళ్లవానికి సొమ్మిచ్చి పోయెను. ఆనాటివారు ఎరిగిన వైద్యము అది. కనికరమును వైద్యమును విడదీయవలెనని ఆ కథలో ఎక్కడను లేదు.

క్రాన్ దొర దినములలో కలరా ఎందువలన వచ్చునో, చలిజ్వరము ఎందువలన వచ్చునో భూమిమీద ఎవ్వరికిని తెలియదు. ప్రార్థించువారు లేకపోలేదు; కొరవడినది ఎరుక. మలేరియా అను మాటకే చెడుగాలి అని అర్థము. బురదనేలల గాలి పీల్చినవారికి ఆ జ్వరము వచ్చునని లోకము నమ్మెను. మన మన్యపు ప్రాంతములవారికి ఆ జ్వరమునుగూర్చి నేను చెప్పనక్కరలేదు. 1880లో లావెరన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో ఆ జ్వరమునకు మూలమైన పరాన్నజీవిని చూచెను. అది మనిషిలోనికి ఎట్లు వచ్చునో మాత్రము తేలలేదు.

అది తేలుటకు దారి చూపినది మన సికిందరాబాదు. సైన్యములో వైద్యుడుగా నున్న రోనాల్డ్ రాస్ అక్కడ వేసవి ఉక్కలో దినములకొలది దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి, తన్ను కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, దోమలచేత కుట్టించుకొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన రాస్ ఒక దోమ కడుపులో ఆ పరాన్నజీవి పెరుగుచుండుట కనుగొనెను. వెంటనే అతడు చేసిన పనులలో ఒకటి, ఆ మర్మమును తన చేతికిచ్చిన దేవుని స్తుతించుచు పద్యము వ్రాయుట. 1902లో అతనికి నోబెల్ బహుమానము వచ్చెను. కారణము తెలిసిన తరువాతనే దోమతెర, నిలువనీటిపై నూనె, సకాలములో మందు అను సాధనములు మనకు తెలివితో అక్కరకు వచ్చెను. కారణము వెదకుట దేవుని కాదనుట అయినయెడల, కనుగొన్న దినమున ఆ మనుష్యుని నోట స్తోత్రమేల వచ్చును?

అయితే సంఘము ఎల్లప్పుడును వైద్యమునకు తోడు నిలిచెనని చెప్పుట సత్యము కాదు. 1847లో ఎడింబరో పట్టణమున జేమ్స్ సింప్సన్ అను వైద్యుడు ప్రసవవేదనపడు స్త్రీలకు క్లోరోఫారము ఇచ్చి నొప్పి తెలియకుండ చేసెను. ఆదికాండము 3వ అధ్యాయములో స్త్రీకి వేదన విధింపబడెను గనుక దానిని తొలగించుట పాపమని కొందరు ఆక్షేపించిరి. సింప్సన్ అదే ఆదికాండమును తెరచి, దేవుడు ఆదాము ప్రక్కటెముకను తీయుటకు ముందు అతనికి గాఢనిద్ర కలుగజేసెనని 2వ అధ్యాయమునుండి జ్ఞాపకము చేసెను.

శాస్త్రమును కూడ మనము దేవతను చేసికొనరాదు. అదే క్లోరోఫారమును పరీక్షించుటకు నిజాము ప్రభుత్వ ధనముతో 1888లోను 1889లోను హైదరాబాదున వైద్యసంఘములు కూడెను. శ్వాసను కనిపెట్టి యుండినచో చాలును, గుండెకు నేరుగా ముప్పు లేదని అవి తేల్చెను. తరువాతి పరిశోధనలో ఆ తీర్పు నిలువలేదు. తన తప్పును తానే పరీక్షించి దిద్దుకొనుట శాస్త్రమునకు మర్యాద. మనకును అది నేర్చుకొనదగిన గుణమే.

గుంటూరు సంగతి చూడుడి. ఆన్నా సారా కుగ్లర్ అను అమెరికా స్త్రీ 1879లో వైద్యపట్టము పొందెను. వైద్యురాలుగా మన దేశమునకు రాగోరెను. వైద్యపు పని ఆరంభించుటకు ఆమె లూథరన్ మిషనువారు అప్పటికి సిద్ధముగా లేరు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పుటకు 1883లో ఆమెను పంపిరి. ఆమె ఉపాధ్యాయినిగా వచ్చెను గాని, రోగులు వాకిటికి వచ్చినప్పుడు తలుపు మూయలేదు. రెండేండ్లకు మిషనువారే ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. ఆమె కట్టించిన ఆసుపత్రి తెలుగు స్త్రీలకు పెద్ద ఆశ్రయమాయెను. ఆమె 1930లో ఆ గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. పెద్దలు కాదన్నంతమాత్రమున ఆమె విశ్వాసమును విడువలేదు, వైద్యమును విడువలేదు.

ఇక మన ఇండ్లవారు జబ్బు ముదిరినప్పుడు రైలెక్కి పోవు వేలూరు కథ. ఐడా స్కడ్డర్ 1870లో మిషనెరీ వైద్యుని కుమార్తెగా పుట్టెను. ఆమెకు తండ్రిపని ఇష్టము లేదు. యౌవనములో ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, తమ భార్యలు ప్రసవము కాక చనిపోవుచున్నారనియు, ఆమెను రమ్మనియు వేడుకొనిరి. నాకు వైద్యము రాదు, నా తండ్రి వచ్చునని ఆమె చెప్పెను. పరపురుషుడు వైద్యము చేయుటకు వారు ఒప్పుకొనలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు, ప్రార్థించెను. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి.

చదువరీ, ఇక్కడ నిలిచి ఆలోచింపుము. ఆ ప్రార్థనకు వచ్చిన జవాబు ఏది? చనిపోయినవారు లేవలేదు. ఐడా సముద్రము దాటి వైద్యకళాశాలలో చేరి, శవమును కోసి శరీరనిర్మాణము నేర్చుకొని, రసాయనశాస్త్రము చదివి, 1899లో పట్టము పుచ్చుకొని తిరిగి వచ్చెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల తెరచెను. ఆ రాత్రి ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబు ఏండ్లతరబడి చదువు రూపమున వచ్చెను. ద్వారకా నగర్ హాస్టలులో అర్ధరాత్రి దీపము క్రింద కూర్చున్న మన బిడ్డ చదువు కూడ ఎవరి ప్రార్థనకో జవాబు కాదని మనమెట్లు చెప్పగలము?

దేవుడు సత్యమును మన సంఘపు గోడలలోనే బంధించి యుంచలేదు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హిందువు. యౌవనములో సన్న్యసింపగోరి రామకృష్ణ మఠమువారిని ఆశ్రయించిరి, తల్లి సమ్మతింపలేదు. సోదరులు సంగ్రహణి వ్యాధితో పోగా, ఆయన మద్రాసులో వైద్యము చదివి, అమెరికా వెళ్లిరి. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును ఆయన నడిపిన బృందమే 1940లలో తయారుచేసెను. బోదకాలు రాకుండ ఆరోగ్య కార్యకర్తలు మన తీరపు పల్లెలలో మ్రింగించు డి.ఇ.సి. మాత్రయు ఆయన పర్యవేక్షణలో వచ్చినదే. ఆయన 1948లో మరణించిరి. ఆ మాత్ర మ్రింగినప్పుడు మనము దేవునికిని ఆ మహనీయునికిని కృతజ్ఞులమై యుండవలదా?

మిగిలినది కఠినమైన ప్రశ్న. ప్రాణులు కాలక్రమమున మారుచు వచ్చెనని జీవశాస్త్రము బోధించును. ఇది చదివి బిడ్డలు కలవరపడుదురు. నా మాట వినుడి. క్షయరోగికి ప్రభుత్వమువారు మాత్రలు ఉచితముగా ఇత్తురు. సామాన్యముగా ఆరు నెలలు విడువక వాడవలెను. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్లు కోలుకొనును. అప్పుడు కొందరు స్వస్థత కూటమునకు పోయి, నయమాయెనని చెప్పి, మాత్రలు మానివేయుదురు. బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చును. మందుకు లొంగనివి మిగిలి, తమవంటి పిల్లలను కని, ఊపిరితిత్తులను నింపును. పిదప ఆ మందు పనిచేయదు. అవి ఇంటిలోని పసిబిడ్డలకును సోకవచ్చును. పుస్తకములో చదివి మన బిడ్డ జడిసిన మార్పు ఇదే. మన కండ్లయెదుట జరుగుచున్నది. దీనిని గ్రహింపని వైద్యుడు క్షయరోగిని కాపాడలేడు.

మరి ఆదికాండమో? దానిని విశ్వాసులందరు ఒకే రీతిగా చదువలేదు. దాదాపు 1,600 సంవత్సరముల క్రిందటనే అగస్టీను భక్తుడు ఆదికాండముపై వ్యాఖ్య వ్రాయుచు, ప్రకృతినిగూర్చి తెలిసినవారి యెదుట క్రైస్తవుడు లేఖనముల పేరిట తెలియని మాటలాడి సువార్తకు నగుబాటు తేరాదని హెచ్చరించెను. మనలను చేసినవాడెవడు, ఎవరికొరకు బ్రదుకవలెను, పొరుగువాడు ఎవరి పోలికెలో చేయబడెను అనునవి ఆదికాండము చెప్పును. రక్తకణములు ఎన్ని, జ్వరము ఏ జీవివలన అనునవి సూక్ష్మదర్శిని చెప్పును. సూక్ష్మదర్శినిలో ఎంత వెదకినను, బీదరోగిని ఎందుకు ప్రేమింపవలెనో కనబడదు. ఆ మాట నేర్చుకొనుటకు మన బిడ్డకు ఆ రెండవ పుస్తకము కావలెను.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో కన్నీరు విడిచి ప్రార్థించినప్పుడు దేవుడు వినెను. విన్న తరువాత యెషయా ప్రవక్త ఏమి చేయించెను? అంజూరపు పండ్లముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన విన్న దేవుడే మందును వారించలేదు. మనము వారించుట ఏల?

కాబట్టి సంఘస్థులారా, మూడు మనవులు. మీ ఇంట పాముకాటు గాని, విడువని జ్వరము గాని కలిగినప్పుడు, ప్రార్థించుచునే బండి కట్టుడి. ప్రార్థన ముగియువరకు ఆసుపత్రికి పోవుట ఆపకుడి. క్షయ మాత్రలు వాడువారు మీలో నుండినయెడల, వైద్యుడు చాలుననువరకు మానకుండ వారిని కనిపెట్టుడి, అదియు పరిచర్యయే. మీ బిడ్డ వైద్యవిద్యకు బయలుదేరినప్పుడు, ఆదివారమున సంఘమంతయు నిలువబడి ఆ బిడ్డకొరకు ప్రార్థింపుడి. జడిపించి పంపకుడి, దీవించి పంపుడి.

ద్వారకా నగర్‌లో చదువుకొనుచున్న నా కుమారుడా, నా కుమార్తె, నీకును ఒక మాట. నీవు కూర్చున్న చోటికి కొద్ది దూరమున, నేటి ఆంధ్రప్రదేశ్‌లోని తొలి వైద్యకళాశాల 1923లో తెరువబడెను. అదే సంవత్సరము కింగ్ జార్జి ఆసుపత్రియు తెరువబడెను. నేటికిని ప్రతి ఉదయమున మన్యమునుండి, తీరమునుండి బీదలు ఆ గుమ్మములో వరుసగా నిలుచుందురు. నీవు చదువు ప్రతి పుట వారికొరకే. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుము, కండ్లకు కనబడినదానిని కాదనకుము, మోకాళ్లూనుట మానకుము. లూకా ఒకే చేతితో రోగి నాడి పట్టెను, సువార్తయు వ్రాసెను. ఆయన దేవుడే నీ దేవుడు. ఆమేన్.