రెక్క మీద ముసలమ్మ

దీపం చుట్టూ మూగే శలభాలను చూసి ఆ జాతంతా రాత్రిపూట తిరిగేదే అనుకుంటాం. పగలు ఎగిరేవీ ఉన్నాయి. ఇంగ్లండులో మే, జూన్ నెలల్లో, ఎండ కాసే గడ్డిబీళ్లలో అలాంటిదొకటి కనిపిస్తుంది. రెక్కలు చాపితే మూడు సెంటీమీటర్లు, ఆ పైన కొంచెం. దాని గొంగళిపురుగు క్లోవర్ తింటుంది. మన పిల్లిపెసర లాంటి మూడాకుల పశుగ్రాసం అది. శలభం ముందు రెక్కల గోధుమరంగు మీద లేతరంగు గీత ఒకటి వంకరలు తిరుగుతుంది. ఆ గీతలో అక్కడివాళ్లకు కొక్కెం ముక్కు, పొడుచుకొచ్చిన గడ్డం, చుక్క లాంటి కన్ను ఉన్న ముసలమ్మ కనిపించింది. అందుకే దాన్ని ‘మదర్ షిప్టన్’ అంటారు. 1759లో స్వీడన్‌కు చెందిన క్లెర్క్ పెట్టిన శాస్త్రీయ నామం ‘మి’. అందులో ముసలమ్మ లేదు.

ఎవరీ షిప్టన్? యార్క్‌షైర్‌లోని నేర్స్‌బరో దగ్గర ఒక గుహలో 1488లో పుట్టిందని, పేరు ఉర్సులా అని, జరగబోయేది చెప్పే మంత్రగత్తె అని కథ. 1561లో చనిపోయిందంటారు. ఆమె జోస్యాల మొదటి చిన్న పుస్తకం అచ్చయింది మాత్రం 1641లో. అంటే 80 ఏళ్ల తర్వాత! కార్డినల్ వుల్జీ యార్క్ పట్టణాన్ని చూస్తాడే గానీ చేరలేడని ఆమె చెప్పిందట. 1530లో ఆయన ఆ పట్టణం దాపుల్లోనే అరెస్టయిన మాట నిజమే. జరిగిపోయిన 111 ఏళ్లకు అచ్చువేసిన జోస్యం ఎలా తప్పుతుంది?

1667లో రిచర్డ్ హెడ్ అనే రచయిత దయ్యాన్ని ఆమెకు తండ్రిని చేశాడు. వికారమైన ముఖం, వంకరల పొడుగు ముక్కు తగిలించాడు. శలభం రెక్క మీద జనం చూసింది ఈ ముక్కునే అని నా అభిప్రాయం. 1862లో చార్లెస్ హిండ్లీ అనే ఆయన, 1881లో లోకం అంతమవుతుందనే పద్యం కూడా ఆమె పేరిట కలిపాడు. అది తన కల్పనేనని 1873లో ఒప్పుకున్నాడు. అయినా 1881 వచ్చేసరికి భయపడినవాళ్లు భయపడ్డారు.

గుహ పక్కనే ఒక ఊట ఉంది. ఆ నీటి ధార కింద వేలాడదీసిన వస్తువు మీద ఖనిజాలు పేరుకుని, కొన్నాళ్లకు రాయిలా అవుతుంది. దాన్నీ మంత్రం ఖాతాలోనే వేశారు.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ఒంటరి ముసలమ్మకు చిల్లంగి పెడుతుందన్న పేరు పడింది. అంతకుముందు ఆమె దగ్గర తామరాకు మందు, ఆకుపసరు తీసుకున్నవాళ్లే ఆమె ముఖం చూడగానే పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. ముఖం మారలేదు. నేను రోజూ చూసిన ముఖమే. ఒకనాడు ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆమె తన మాటగా ఏం చెప్పేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మొన్న బడిలో ఈ శలభం బొమ్మను పేరు చెప్పకుండా చూపించాను. ఒకడు ఎద్దు తల అన్నాడు. ఒక పాప ఘాట్ రోడ్డు మలుపు అంది. ముసలమ్మ ఎవరికీ కనిపించలేదు.